వియ్యపురాలు పెట్టిన సాక్సులు

నిజాంపేట,
10 ఆగస్టు 2025

వదినగారికి వాసంతి నమస్కారాలు.

క్యారియర్ పై గిన్నెలో దోసకాయ పప్పు, అడుగు గిన్నెలో ములక్కాడ జీడిపప్పు కూర ఉన్నాయి. నడిమి గిన్నెలో ఈ ఉత్తరం. క్యారియర్ మోసుకొచ్చే అల్లుడుగారు దీన్ని చూసి, “ఫోనుండగా ఈ ఉత్తరాలేంది అత్తమ్మా?” అని ఒకటే నవ్వు. ఆయనకేం తెలుసు! మీ కుట్టుమిషన్ ఆగే వేళకు నా పొయ్యి అంటుకుంటుంది, నా పొయ్యి ఆరే వేళకు మీరు నిద్రపోతారు. పోనీ పిల్లలు పెట్టిన ఫ్యామిలీ గ్రూపులో రాద్దామా అంటే, మీ మరిదిగారి దగ్గర్నుంచి మా పిన్ని కూతురి దాకా అందరూ చదివి తలా ఒక బొమ్మ పెడతారు. వియ్యపురాళ్ళ మాటలు క్యారియర్లో రావడమే క్షేమం.

ఇక నా కాళ్ళ సంగతి. సాయంత్రమయ్యేసరికి అరటి బోదెల్లా తయారవుతున్నాయని మీకు తెలుసుగా. మొన్న మన హర్షిణి చూసి పెద్ద గొడవ చేసింది. “దసరాలోపు ఈ వాపు తగ్గకపోతే కర్రీ పాయింట్ మూసేసి మా ఇంటికొచ్చెయ్, ఇది ఫైనల్” అంది. ఆఫీసులో ఎవరితోనో మాట్లాడినట్టే మాట్లాడింది. దానికది ఒక్క మాట. హర్షిణి నాన్నగారు కాలం చేసిన ఏడాది నేను మొదలుపెట్టిన షాపు వదినగారూ. హాస్టల్ పిల్లలు వచ్చి “ఆంటీ, ఇవాళ గోంగూర లేదా?” అని మొహాలు వేలాడేస్తే, రేపు చేస్తాన్రా అని చెప్పడంలోనే నా ప్రాణం ఉంది. మూసేయమంటే నాకు నిజంగా భయంగా ఉంది.

అందుకే మాదాపూర్‌లో డాక్టర్ స్టెల్లాగారి దగ్గరికి వెళ్ళాను. బీపీ పట్టీ చీలమండకు కట్టి, బొటనవేలికి ఇంకో బుల్లి పట్టీ కట్టి చూశారు. “ఇన్నేళ్ళ షుగరున్నా పాదాల్లోకి రక్తం బాగానే దిగుతోందమ్మా. తిరిగి పైకి ఎక్కడమే కష్టంగా ఉంది” అని చెప్పి రెండు జతల బిగుతు సాక్సులు రాశారు. పొద్దున్న మంచం దిగకముందే వేసుకోవాలి, పడుకునేటప్పుడు తీసెయ్యాలి. అబ్బో, ఏం బిగుతండీ! గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుని లాగమన్నారు. నేను లాగితే మంచమే నావైపు వచ్చింది గానీ సాక్సు రాలేదు. అన్నవరం సత్యదేవుణ్ణీ సింహాద్రి అప్పన్ననూ కేకేశాక మడమ దాటింది. రోజంతా ఎవరో కాలు పట్టుకు వేలాడుతున్నట్టే ఉంది.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

మీ వాసంతి


బోరబండ,
13 ఆగస్టు 2025

వదినకు రేణుక దండాలు.

ఖాళీ గిన్నె వాపసు పంపితే మా అత్తమ్మ స్వర్గం నుంచి దిగొచ్చి మరీ తిడుతుంది. అందుకని సర్వపిండి పెట్టాను. మీ ములక్కాడ కూర నాకు దక్కనే లేదు. మీ అన్నయ్య గిన్నె వంచి, “మీ వదిన చేతిల ఏదో ఉన్నదే” అంటూ వేలితో ఊడ్చేశారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా చేతి వంట తింటున్న మనిషి ఒక్కనాడన్నా ఆ మాట అన్నాడా!

ఇగ మీ సాక్సుల సంగతి చదివాక నాకు చేయి ఆగడం లేదు. బిగుతు అన్న మాట వింటే నేను కుదురుగా కూర్చోలేను వదినా. “అక్కా, జాకెట్ జర టైటయింది” అని వచ్చిన ఏ ఆడమనిషినీ నేను ఊపిరాడకుండా పంపలేదు. కొలత తీసుకున్ననాటి మనిషి పండుగనాటికి ఉంటుందా? అందుకే ఎవరికి కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతాను. ఈ కంపెనీలవాళ్ళు గుడ్డ మిగుల్చుకోవడానికి ఇరుకిరుకుగా కుట్టి మీ ప్రాణం తీస్తున్నారు. ఒక జత నాకు పంపండి. పిక్క పక్కన కోసి ముక్క అతికి, శుభ్రంగా కలీ వేసి ఇస్తాను. దసరాలోపు మీ వాపు తగ్గకపోతే నన్నడగండి.

నాకూ షుగరే కదా, నా కాళ్ళ వైభవమూ వినండి. నాలుగడుగులు నడిస్తే పిక్కలు పీకుతాయి, ఆగితే తగ్గుతాయి. మిషన్ తొక్కుతుంటే పాదం కింద పెడల్ ఉందో లేదో కళ్ళతో చూసుకుంటేనే తెలుస్తుంది. మొన్న సంతకు పోతే మీ అన్నయ్య నడిబజారులో ఆపి, “గిదేందే, ఒక్క చెప్పుతోని వచ్చినవ్?” అన్నారు. రెండోది ఎక్కడ జారిపోయిందో నాకు తెలియనే లేదు. అది చూసిన మా గల్లీ ఈరమ్మ ఇప్పటికీ నన్ను చూస్తే నా కాళ్ళ వంకే చూస్తుంది. ఆమె నోట పడితే బోరబండంతా చాటింపేసినట్టే.

షాపు మూసే మాట మళ్ళీ అనకండి. నేనున్నాను.

రేణుక


నిజాంపేట,
24 ఆగస్టు 2025

వదినగారికి,

మీ చేతికి బంగారు గాజులు తొడగాలి! కలీ వేసిన సాక్సులు అందాయి. కాలు వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. దేవుణ్ణి ఒక్కణ్ణి కూడా పిలవలేదు. పైగా పైన ఆ సన్నటి జరీ అంచొకటి! కూరలు వడ్డించే జ్యోతి, “ఆంటీ, సాక్సులకు కూడా పట్టు అంచా?” అని నోరు తెరిచింది. రెండో జతకూ కలీ వేయించుకుంటాను, క్యారియర్ పక్కన సంచిలో పెట్టాను.

ఆ సంచిలోనే ఇంకో కొత్త జత ఉంది చూడండి. అది మీకు. దసరాకు చీర ఎలాగూ పెడతాను, అది వేరే లెక్క. మీ పిక్కలు పీకుతున్నాయని చదివాక మనసు ఊరుకోలేదు. నేనొక్కదాన్నే సుఖపడితే ఏం బావుంటుంది? మెడికల్ షాపులో నా చీటీ చూపించి నా కొలతే ఇంకో జత ఇమ్మన్నాను. పసుపు కుంకుమ పెట్టి పంపుతున్నాను, కాదనకండి. బిగుతనిపిస్తే ఎవర్నో అడగక్కర్లేదు, కత్తెర మీ చేతిలోనే ఉంది.

హర్షిణి శనివారం వచ్చి నా చీలమండ వేలితో నొక్కి చూసి వెళ్ళింది. తగ్గినట్టుందో లేదో దాని మొహంలో తెలియలేదు. నాకైతే హాయిగా ఉంది.

మీ వాసంతి


బోరబండ,
2 సెప్టెంబర్ 2025

వదినకు రేణుక దండాలు.

మా కాలనీ గణపతి ఇంకా పందిట్లోనే ఉన్నాడు, మైకు మోగుతూనే ఉంది, ఈ ఉత్తరంలో తప్పులుంటే ఆయనదే పూచీ. ఉండ్రాళ్ళు పంపుతున్నాను.

పసుపు కుంకుమతో వచ్చిన సాక్సులు దేవుడి దగ్గర పెట్టి తొడుక్కున్నాను. వదినా, నిజం చెప్పనా, మీరెందుకంత గోల చేశారో నాకు తెలియడం లేదు. బిగుతా? నాకసలు ఏమీ అనిపించనే లేదు. మీ అన్నయ్య, మీ అల్లుడు సాయి ఇద్దరూ కలిసి లాగి ఎక్కించారు, అంతే. మళ్ళీ ఆ తిప్పలెందుకని స్నానానికి తప్ప తీయడమే లేదు, పడుకున్నా అవే. వాటికి కత్తెర పెట్టలేదు. వియ్యపురాలు పెట్టినది ఆమె కళ్ళారా చూడకముందే కోయడం మా ఇంట లేదు. మీరొచ్చి చూసేదాకా అవి అట్లాగే ఉంటాయి.

ఒక్కటే, రంగు దిగుతున్నట్టుంది. స్నానానికి తీస్తే వేళ్ళు జర నల్లగా కనపడ్డాయి. సబ్బుతో రుద్దినా పోలేదు. నిన్న మీ అన్నయ్య కాలు తగిలి ఉలిక్కిపడి, “గిట్ల ఐసుగడ్డ లెక్కున్నదేందే?” అన్నారు. “మా వదిన నా కాళ్ళకు ఏసీ పెట్టించింది, మీకేం కష్టం?” అన్నాను. నవ్వలేక చచ్చారు.

మీ రెండో జత కూడా కోసి కుట్టేశాను, దీనికి ఆకుపచ్చ అంచు.

రేణుక


బోరబండ,
4 సెప్టెంబర్ 2025

వాసంతి గారికి,

క్యారియర్ ఖాళీగానే పంపుతున్నాను.

మీకు నేనేం ద్రోహం చేశానో తెలియదు. మిట్టమధ్యాహ్నం ఆటో దిగి, పలకరింపు లేదు, మంచినీళ్ళు లేవు, నలుగురు బేరగత్తెల ముందు నా మిషన్ కింద కూలబడి నా కాళ్ళు పట్టుకున్నారు. మగపిల్లవాడి తల్లి కాళ్ళు ఆడపిల్ల తల్లి అట్లా నడివీధి షాపులో పట్టుకుంటే చూసేవాళ్ళేమనుకుంటారు? నేను కోడల్ని పరేషాన్ చేస్తున్నానని కదా? ఈరమ్మ అప్పుడే జాకెట్ కొలతలకని వచ్చి నిలబడింది. ఇగ చెప్పేదేముంది!

పోనీ కాళ్ళు పట్టుకుని ఊరుకున్నారా? మీరు పెట్టిన సాక్సులు మీరే సర్రున లాగేశారు. “ఇవి మీకు పనికిరావండి” అన్నారు. పసుపు కుంకుమ పెట్టి ఇచ్చింది గుంజుకుపోతారా వదినా? నా కాళ్ళకు పనికిరానిది మీ కాళ్ళకెట్లా పనికొచ్చింది? కంటినిండా నీళ్ళొస్తే లోపలికి పోయి తలుపేసుకున్నాను. బయట నుంచి మీరేదో అంటూనే ఉన్నారు. టీవీ పెట్టుకున్నాను.

సాయంత్రం మా సాయి వచ్చి, “అమ్మా, రేపు దవాఖానకు పోదాం, అత్తమ్మ చెప్పింది” అన్నాడు. నాకేం రోగమొచ్చిందని? “మీ అత్తమ్మకు నాతోని మాట్లాడ నోరు లేదారా? నేను రాను పో” అన్నాను.

రేణుక


నిజాంపేట,
5 సెప్టెంబర్ 2025

వదినగారికి వాసంతి వెయ్యి నమస్కారాలు.

ఖాళీ క్యారియర్ చూసి కూర్చుండిపోయాను. ఈ ఒక్క ఉత్తరం చదివాక ఎన్ని తిట్లు తిట్టినా పడతాను.

నిన్న నేను డాక్టర్ స్టెల్లాగారి దగ్గరికి వెళ్ళాను. నా కాళ్ళు మళ్ళీ పొంగాయి. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆవిడ నా సాక్సులు చూశారు, కలీ చూశారు, జరీ అంచు చూశారు. కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. “బిగుతే మందమ్మా! చీలమండ దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ, అలా లెక్కగా అల్లుతారు. మీరు మందు పారబోసి సీసా తొడుక్కున్నారు” అన్నారు. నాకూ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే, మా వియ్యపురాలికీ ఒక జత పెట్టానండి, ఆవిడకూ షుగరే, ఆవిడకైతే బిగుతే తెలియట్లేదట అంటూ, వరుసలో కూర్చుని చదివిన మీ ఉత్తరం ఆవిడకు చదివి వినిపించాను.

చల్లగా ఉందట, వేళ్ళు నల్లబడ్డాయట అనేసరికి ఆవిడ మొహంలో నవ్వు పోయింది. “ఆవిడ కాళ్ళలో రక్తం ఎలా పారుతోందో ఎవరైనా చూశారా? నడిస్తే పిక్కలు పీకుతాయా? షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గితే బిగుతు తెలియదు, పుండు పడినా తెలియదు. లోపలికే రక్తం సరిగ్గా దిగని కాలికి ఇవి తొడిగితే ఉన్న కాస్తా ఆగిపోతుంది. ముందు వెళ్ళి తీయించండి, రేపే తీసుకురండి” అన్నారు. అక్కడి నుంచే మీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, మిషన్ చప్పుడులో మీకు వినపడలేదేమో. ఆటో ఎక్కేశాను. మీ కాళ్ళు చేతిలోకి తీసుకుంటే మంచుముక్కల్లా ఉన్నాయి. నోట మాట రాలేదు వదినగారూ, పనికిరావు అన్న ఒక్క ముక్క తప్ప. ఆ తర్వాతంతా మీ తలుపుకూ మీ టీవీకీ చెప్పాను.

తప్పు నాది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మందును చీర పెట్టినట్టు పెట్టేశాను. మీరేమో పెట్టిన చెయ్యి నొచ్చుకుంటుందని కత్తెర కూడా పెట్టలేదు. అది తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

రేపు పొద్దున్న పది గంటలకు రండి. నేను ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉంటాను. మీరు రాకపోతే మళ్ళీ వచ్చి కాళ్ళు పట్టుకుంటాను, ఈసారి ఈరమ్మగారిని ముందే పిలిపించి మరీ!

హర్షిణి నిన్న నా వాపు చూసి, “సాక్సులు వేసినా తగ్గలేదంటే ఇంకేం చేస్తాం, మూసేద్దాం అమ్మా” అంది. సరేనన్నాను. కలీ సంగతి దాని చెవిన వేయలేదు. అది మీ ఇంటి కోడలు. అత్తగారి మీద చిన్న నవ్వు కూడా నా నోటి నుంచి పుట్టకూడదు. షాపు గురించి మీరేమీ మనసులో పెట్టుకోకండి.

మీ వాసంతి


బోరబండ,
14 సెప్టెంబర్ 2025

వదినకు,

గిన్నెలు మూడూ నిండుగా పంపుతున్నాను. మొన్నటి ఖాళీకి కూడా కలిపి లెక్క.

ఆ రోజు గుమ్మం దగ్గర మిమ్మల్ని చూశాక సగం కోపం పోయింది, నా పేరు పిలిచినప్పుడు మీరు నాకంటే ముందు లేచారు చూడండి, మిగతా సగమూ పోయింది. మీరు మందుల చీటీ తీసుకుని షాపుకు ఉరికారు గానీ, తర్వాత డాక్టరమ్మ మీ అన్నయ్యకు చెప్పింది వినండి. కుడికాల్లో మోకాలి కింద రక్తం బాగా తక్కువగా పారుతోందట. మడమ వెనక బొబ్బ ఒకటి లేచింది, నాకు తెలియనే లేదు. “ఇంకో వారం ఆగితే కాలికి ముప్పొచ్చేది” అన్నదట. మీ అన్నయ్య బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చారు. ఆ మనిషి ఏడవడం నేను మా సాయి పుట్టినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడు. బొబ్బ ఎండుతోంది, ఫికర్ చేయకండి. మందులు వేసుకుంటున్నాను, రోజూ నడుస్తున్నాను, వదులు సాక్సులే వేసుకుంటున్నాను. నాకు బిగుతు పడదని పెద్ద డాక్టరే చెప్పింది, ఇన్నేళ్ళూ నేను చెప్పిందీ అదే కదా!

ఇగ అసలు ముచ్చట. మీ ఉత్తరం చివర షాపు మాట చదివి నాకు అన్నం దిగలేదు. నా పరువు కాపాడడానికి మీ షాపు పోగొట్టుకుంటారా? ఎవరడిగారు మిమ్మల్ని? పోయిన ఆదివారం మీ కూతుర్నీ నా కొడుకునీ కూర్చోబెట్టి చెప్పేశాను. “హర్షిణీ, మీ అమ్మ సాక్సులు పని చెయ్యక కాదమ్మా. కత్తెర పెట్టింది నేను. కలీ ఏసింది నేను. జరీ అంచు కూడా నేనే ఏసిన” అన్నాను. ఆ పిల్ల కాసేపు నా మొహం చూసింది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది చూడండి, సోఫా మీంచి కింద పడింది. “అత్తమ్మా, దానికి హుక్కులు కూడా పెట్టకపోయినవ్?” అంటుంది! ఇన్నాళ్ళూ నా ముందు మాట్లాడడానికే భయపడే పిల్ల. నేనూ నవ్వాను. సాయి మాత్రం ఇద్దరికీ పిచ్చి పట్టిందనుకుని మంచినీళ్ళు తెచ్చాడు.

నవ్వయ్యాక మళ్ళీ ఆఫీసు మొహం పెట్టి, “దసరా అంటే దసరానే అత్తమ్మా. కొత్త సాక్సులు కొంటా. తగ్గితే షాపుంటది, లేకుంటే లేదు” అన్నది. నా మాట వినదు, అచ్చు మీ పోలికే. కొత్త జత పంపుతున్నాను. ఎంత బిగుతున్నా నోరు మూసుకుని వేసుకోండి. ముడతలు పడనీయకండి, పై అంచు మడవకండి, మధ్యాహ్నం కాసేపు కాళ్ళు బియ్యం బస్తా మీద పెట్టండి. నా దగ్గరికి మాత్రం తేకండి.

డాక్టరమ్మ రోజూ అరికాళ్ళు చూసుకోమన్నది. ఈ వయసులో నా అరికాలు నాకెట్లా కనపడుతుంది? రోజూ అద్దం పెట్టుకుంటాను గానీ, అద్దానికేం తెలుసు! ఆదివారం ఆదివారం నేనే మీ షాపుకు వస్తాను. మీరు నావి చూడండి, నేను మీవి చూస్తాను.

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు. మనకు రెండూ అయ్యాయి.

మీ రేణుక


నిజాంపేట,
5 అక్టోబర్ 2025

వదినగారికి,

మీరు ఇందాకే ఆటో ఎక్కి వెళ్ళారు, అప్పుడే ఉత్తరమేమిటని అనుకుంటారు. మీరు వెళ్ళాక జరిగింది మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

దసరా ముందు రోజు డాక్టరుగారు కాళ్ళు చూసి, “ఇలాగే వేసుకోండమ్మా” అని ఒక్క ముక్క అన్నారని మీకు చెప్పానుగా. హర్షిణికి కూడా చెప్పాను. అది ఊఁ అని ఊరుకుంది. పండగ రోజు భోజనాల్లోనూ షాపు మాట ఎత్తలేదు. నాలుగు రోజులుగా పొయ్యి వెలిగించినప్పుడల్లా ఇదే ఆఖరిసారేమో అనుకుంటూ వెలిగించాను. పిల్లలకు గరిటె నిండా వేశాను. ఇవాళ మీరు ఉన్నంతసేపూ ఈ దిగులు మీకు కనపడకుండా చూసుకోవడానికే అంత వాగాను.

మీరు బస్తాల గదిలో పీట మీద కూర్చుని, నా కాళ్ళు మీ ఒళ్ళో పెట్టుకుని, సాక్సు తీసి టార్చిలైటు వేసి వేళ్ళ సందులు చూస్తుంటే నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి. మగపెళ్ళివారండీ మీరు! “కాలు గుంజకు వదినా, జర ఆగు, కనవడ్తలేదు” అని కసిరారు. ఇన్నాళ్ళూ మీరు మీరు అంటూ, ఇవాళే మొదటిసారి ఆగు అన్నారు. నాకెంత బావుందో!

అప్పుడు గుమ్మంలో హర్షిణి నిలబడి ఉంది. మీరు వెనక్కి తిరిగి ఉన్నారు కనుక చూడలేదు. ఆదివారం కదా, జీన్స్ ప్యాంటుతోనే వచ్చింది. అత్తగారి ఒళ్ళో వాళ్ళమ్మ కాళ్ళు చూసి అక్కడే ఆగిపోయింది. చప్పుడు చేయకుండా వంటగదిలోకి వెళ్ళింది. మీరు వెళ్ళేదాకా బయటికి రాలేదు.

మీ ఆటో కదిలాక లోపలికొచ్చి నా ముందు కూర్చుంది. చీలమండ వేలితో నొక్కింది. వేలు తీశాక, వాపున్నప్పటిలా గుంట పడలేదు. ఇంకో కాలు కూడా నొక్కింది.  బయట హాస్టల్ పిల్లలు అప్పుడే వరుస కట్టి, “ఆంటీ, తెరవరా?” అని గోల మొదలుపెట్టారు.

అది లేచి, ప్యాంటు పైకి మడిచి, గోడకున్న సంచి తీసుకుంది. తలుపు దగ్గర ఆగి అడిగింది:

“అమ్మా, రేపటికి గోంగూర ఎన్ని కట్టలు తేవాలి?”

నీ వాసంతి